తోటలో బస్సు

సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద కాగితాల కట్ట ఉంది. పాఠకులు పంపిన మెయిళ్ళన్నీ అచ్చు తీసి, క్లిప్పు పెట్టి, పైన ఎర్ర పెన్నుతో "ఇరవై మూడు" అని రాసి పెట్టింది మా పేజీలు పెట్టే అమ్మాయి. ఆ అమ్మాయి చేతిలో ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు ఉంటుంది. అందుకని ఆఫీసంతా ఆమెని స్కేలు అనే పిలుస్తుంది.

"ఇరవై మూడూ మీకే మేడమ్. అన్నిట్లోనూ ఒకటే ప్రశ్న," అంది.

"ఏంటది?"

"సీరియల్లో బస్సెక్కడిది అని."

నాకు అర్థం కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి కాగితం చదివాను. ఎవరో రిటైరైన లైబ్రేరియన్ రాశాడు. చాలా మర్యాదగా రాశాడు. అందువల్ల ఇంకా గట్టిగా తగిలింది. "అమ్మా, ఆ కథంతా ఒక తోటలో జరుగుతుంది. అందులో మనిషి కాలి జోడు ఒక్కసారి కనిపిస్తుంది, పదకొండో భాగంలో. బస్సు మాత్రం ఎక్కడా లేదు. మీరు వేరే దేన్నో చూసి ఉంటారు."

మా వారపత్రికలో సినిమాలకి నక్షత్రాలు వెయ్యం. నూటికి మార్కులేస్తాం. ముప్పై ఐదు వస్తే పాసు. నేను చేరకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఇరవై ఏళ్ళుగా ఆ మార్కులు వేస్తున్నది నేనే. థియేటర్ల వాళ్ళు నా వెనక నన్ను హెడ్మాస్టరమ్మ అంటారని తెలుసు. మొహం మీద అనరు కాబట్టి నేనూ విననట్టే ఉంటాను.

కిందటి వారం నేను మార్కులు వేసింది ఒక బొమ్మల సినిమాకి. "నత్త టపా" అని నా చిన్నప్పుడు టీవీలో ఆదివారాలు వచ్చేది. ఇరవై ఆరు భాగాలు. తోటలో ఒక నత్త ఉత్తరాలు బట్వాడా చేస్తూ ఉంటుంది. దానికి చదవడం రాదు. దాని వీపు మీద కీచు అనే కీచురాయి కూర్చుని అడ్రసులు చదివి పెడుతుంది. నత్త కదా, ఏ ఉత్తరమూ వేళకి చేరదు. పెళ్ళి పిలుపు చేరేసరికి వాళ్ళకి పిల్లలు పుట్టేసి ఉంటారు. క్షమించమని రాసిన ఉత్తరం చేరేసరికి వాళ్ళిద్దరూ రాజీపడి, మళ్ళీ కొట్టుకుని, మళ్ళీ రాజీపడి ఉంటారు. మా వయసు వాళ్ళం, ఎవరైనా ఆలస్యంగా వస్తే ఇప్పటికీ "నత్త టపాలో వచ్చావా?" అనే అంటాం.

దాదాపు నలభై ఏళ్ళ తర్వాత దానికి కొనసాగింపుగా సినిమా తీశారు. పేరు "వంతెనకి అవతల". కీచు వెళ్ళిపోయింది, ఇక రాలేదు. ముసలిదైపోయిన నత్త దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అదీ కథ. నేను ఇరవై రెండు మార్కులు వేశాను. సమీక్షలో ఇలా రాశాను:

"సీరియల్ చివరి భాగాన్ని మా తరం మర్చిపోలేదు. పదిన్నర బస్సు వచ్చి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు నీలం సంచి కనిపిస్తుంది. దాని వెనక కీచు దిగుతుంది. తిరిగొచ్చిన దాన్ని రాలేదని చెప్పి మొదలుపెట్టిన ఈ సినిమా కొనసాగింపు కాదు, తెంపు."

ఆ చివరి మాట రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

"వీళ్ళందరికీ మతిమరుపు," అన్నాను స్కేలుతో. "నేను చూశాను. నా కళ్ళతో చూశాను. ఆ బస్సు టైర్లకి బురద కూడా గుర్తుంది నాకు. కండక్టరు పేడపురుగు. నోట్లో విజిల్ పెట్టుకునే మాట్లాడతాడు."

స్కేలు తన కంప్యూటరు నా వైపు తిప్పింది. పాత భాగాలన్నీ అందులో ఉన్నాయట. "ఆఖరి మూడూ పెట్టనా?" అంది. మా సంపాదకుడు పెద్దాయన కూడా గాజు గదిలోంచి లేచొచ్చి మా వెనక నిలబడ్డాడు.

ఇరవై నాలుగో భాగంలో వాన. టపా కచేరీ అయిన పాత పూలకుండీ నీళ్ళతో నిండిపోయింది. ఉత్తరాల మీద అడ్రసులు చెరిగిపోయాయి. ఇదేదీ నేను ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఐదులో కీచు వాళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇరవై ఆరులో తోట చివర కాలవ, దాని మీద ఒక చెక్క పలక. అదే వంతెన. కీచు నత్త వీపు మీంచి దిగి, పలక మీదికెక్కి, వెనక్కి తిరిగి "వస్తాను" అంది. నత్త "సరే" అంది. కీచు వెళ్ళిపోయింది. నత్త అక్కడే ఉంది. వాన వెలిసింది, ఎండ వచ్చింది, పలక మీద నాచు పట్టింది. నత్త అక్కడే ఉంది. తర్వాత పేర్లు పడ్డాయి.

బస్సు రాలేదు.

"మీకు ఎవరైనా చెప్పారేమో మేడమ్," అంది స్కేలు మెల్లిగా.

అప్పుడు నాకు నా దవడల చుట్టూ మఫ్లరు బిగుసుకున్నట్టు అనిపించింది. నాన్న బూడిద రంగు మఫ్లరు. ఎనిమిదేళ్ళప్పుడు నాకు గవదబిళ్ళలు వచ్చాయి. మాకు టీవీ లేదు, పక్కింటి టీచరమ్మ ఇంట్లో చూసేవాళ్ళం. "పసిపిల్లలున్న ఇల్లు, తగ్గేదాకా పంపకండి," అందావిడ. మూడు ఆదివారాలు నేను మంచం మీదే ఉన్నాను. అక్క ఒక్కతే వెళ్ళి చూసొచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, గొంతులు మార్చి మార్చి మొత్తం చెప్పేది. ఆ బస్సు నాకు అక్క నోట్లోంచి వచ్చింది. టైర్ల బురదతో సహా.

పెద్దాయన ఎప్పుడూ గొంతు పెంచడు. "పరీక్ష సరిగ్గా రాయని పిల్లని ఫెయిలు చేస్తే తప్పు లేదమ్మా. టీచరే పేపరు చదవకుండా ఫెయిలు చేస్తేనే తప్పు," అన్నాడు. "శుక్రవారం పన్నెండింటికల్లా సవరణ కావాలి. ఏదో ఒకటి రాసి చేతులు దులుపుకోకండి. మార్కులు అవే ఉంచుతారో మారుస్తారో అదీ చెప్పండి. అది మీ వల్ల కాకపోతే ఆ పేజీ ఇంకెవరికైనా ఇస్తాను."

*

సవరణ రాయడం కష్టమేమీ కాదు. "పొరపాటుకు చింతిస్తున్నాం" అనే మాట మా ఆఫీసులో అరిగిపోయిన స్టాంపు లాంటిది. రెండు రోజులు నేను ఆ ఒక్క మాట ముందు కూర్చున్నాను. రాయలేకపోయాను. కీచు రాలేదని ఒప్పుకోవాలి. ఆ మాట రాయడానికి నా చెయ్యి ఎందుకు రావటం లేదో నాకు తెలుసు, తెలియనట్టు ఉన్నాను.

నాకు గవదబిళ్ళలు వచ్చిన ఏడాదే అమ్మ దూరపు ఊళ్ళో ఒక హాస్టల్లో వార్డెనుగా చేరింది. ప్రతి ఆదివారం పదిన్నర బస్సులో వచ్చేది. మేం టీచరమ్మ ఇంటి నుంచి వచ్చేసరికి అమ్మ నీలం సంచి కింద పెట్టి, మా ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండేది. కొన్నాళ్ళకి రెండు వారాలకోసారి అయింది. తర్వాత రావడం మానేసింది. వేరే కాపురం పెట్టుకుందని బళ్ళో నా పక్క పిల్ల చెప్పింది. ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ పేరు మా ఇంట్లో వినపడలేదు. నాన్న పోయాక కూడా అక్కా నేనూ మాట్లాడుకోలేదు. మా మధ్య గొడవేమీ లేదు. నెలకోసారి కలుస్తాం, మోకాళ్ళ నొప్పులూ కుక్కరు రబ్బర్లూ మాట్లాడుకుంటాం.

బుధవారం మధ్యాహ్నం అక్క షాపుకి వెళ్ళాను. ఒక సందులో మెట్ల కింద చిన్న గది. కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవి సరిచేస్తుంది. "ఊళ్ళో జనం లావెక్కుతున్నంత కాలం నాకు పనికి లోటుండదు," అంటుంది. ఆ వేళ ఎవరివో ప్యాంట్ల నడుములు విప్పుతోంది.

"ఏమే, దారి తప్పావా? ఇంకా నెల కాలేదుగా," అంది తల ఎత్తకుండా.

"ఒక మాట అడగాలని వచ్చాను."

"లావయ్యావా? ఆ జాకెట్లు తెచ్చివ్వు."

"నత్త టపా గుర్తుందా నీకు?"

"ఎందుకు గుర్తులేదు? నీకు గవదలొచ్చినప్పుడు నీ మొహం దానిలాగే ఉండేది."

నేను నవ్వలేదు. మా పత్రిక తెరిచి సమీక్ష చూపించాను. అక్క కళ్ళజోడు ముక్కు మీదికి దించి చదివింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. ఎక్కడ ఆగిందో నాకు తెలుసు.

"ఇది పత్రికలో వేశావా?" అంది.

"వేశాను. ఇరవై మూడు మంది తిట్టారు. సోమవారం ఆ భాగాలు చూశాను. బస్సు లేదు, పేడపురుగు లేదు, నీలం సంచి లేదు. కీచు వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నాకు వేరేలా ఎందుకు చెప్పావు? నేను ఏడుస్తాననా?"

అక్క కత్తెర తీసుకుని ఇంకో నడుం విప్పడం మొదలెట్టింది. దారం ముక్కలు ఒళ్ళో పడుతున్నాయి.

"నీకు కొన్నాళ్ళ నుంచీ నామీద మంచి అభిప్రాయం ఎక్కువైంది," అంది. "నిన్ను ఏడిపించకూడదని చెప్పేంత మంచిదాన్నా నేను? మఫ్లరు కట్టేటప్పుడు గట్టిగా బిగించేదాన్ని, నోరు మూసుకుంటావని."

"మరి?"

"మరేముంది. అందులో ఏమైందో నాకూ తెలీదు. నేను చూస్తేగా!"

మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు మా నెత్తి మీంచి వెళ్ళింది. అది ఆగేదాకా అక్క ఆగింది.

"టీచరమ్మ ఇంటికని చెప్పి బస్టాండుకి వెళ్ళేదాన్ని. నాన్న బస్టాండుకి వెళ్ళొద్దని ఒట్టేయించుకున్నాడుగా. ఆదివారం పొద్దున ఆ అరగంటే నన్ను ఎక్కడికని అడిగేవాళ్ళు కాదు. పదిన్నర బస్సు చూసుకుని వచ్చేదాన్ని."

"ఆలస్యంగా వచ్చేదానివి," అన్నాను. నాకు అదీ గుర్తొచ్చింది. "అడిగితే, ప్రకటనలు ఎక్కువేశారు అనేదానివి."

"ఒక్కోసారి ఆ బస్సు ఆలస్యమయ్యేది. అందరూ దిగిపోయాక కూడా లోపల ఎవరైనా నిద్రపోయి ఉంటారేమోనని చూసేదాన్ని. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకునే, ఇంక ఎవరూ లేరు పాపా, ఇంటికెళ్ళు, అనేవాడు. ఇంటికొస్తే నువ్వు మంచం మీద ఆ ఉబ్బిన మొహంతో, ఏమైంది, ఏమైంది అని. నేనేం చెప్పను? నేను చూసింది బస్టాండు. అదే చెప్పాను."

"కీచు దిగిందని చెప్పావు."

"మూడో ఆదివారం అది." అక్క ప్యాంటుని మడిచింది, మళ్ళీ విప్పింది. "అమ్మ వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పింది కదే. వస్తుందనే అనుకున్నాను. అమ్మని నేను దింపలేను కదా. కీచునైనా దింపాను."

నాకు అక్క చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఇద్దరికీ అలవాటు లేదు. పైగా ఆ చేతిలో కత్తెర ఉంది. ఒళ్ళోంచి కిందపడ్డ దారం ముక్కలు ఏరడం మొదలెట్టాను.

అప్పటికి అక్క పన్నెండేళ్ళ పిల్ల. రిబ్బన్లతో రెండు జడలు. ఖాళీ బస్సు చుట్టూ తిరిగి కిటికీల్లోంచి చూస్తోంది. ఇంట్లో నేను బస్సు గురించి విని, బోర్లా పడుకుని సంతోషంగా నిద్రపోయి ఉంటాను.

"అవి వదిలెయ్, సాయంత్రం ఊడుస్తాను," అంది అక్క. "ఇంతకీ సినిమాలో ఏమైందో చెప్పు. ఇరవై రెండు మార్కులేశావు, అంత పాపం ఏం చేశారు?"

అలా అక్కకి నేను సినిమా చెప్పాను. నాకు గొంతులు మార్చడం రాదు. మామూలుగా చెప్పాను. నత్త పలక దాటింది. దాటడానికే పావుగంట పట్టింది, నాకు ఆవలింతలొచ్చాయి. దానికి ఇప్పటికీ చదవడం రాదు కాబట్టి కనపడ్డవాళ్ళనల్లా దారి అడుగుతూ వెళ్ళింది. కీచు ఉన్న చోటికి చేరేసరికి అక్కడ వేరే ఎవరో ఉంటున్నారు. ఒక ముసలి కప్ప గుమ్మంలో కూర్చుని, నువ్వెవరు అని అడిగింది. కీచు వస్తానని చెప్పింది, రాలేదు, అంది నత్త. కప్ప నవ్వింది. "పిచ్చిదానా, వస్తానంటే వస్తానని కాదు. వెళ్తున్నానని."

"అక్కడ నాకు ఒళ్ళు మండింది," అన్నాను. "పిల్లల సినిమాలో అలాంటి మాట ఎవరైనా పెడతారా? అక్కడికక్కడే పది మార్కులు కోసేశాను."

అక్క కత్తెర ఆగింది. "దానికి నత్త ఏమంది?"

"ఏమీ అనలేదు. తర్వాత వెనక్కి వచ్చేసింది. వెనక్కి రావడం ఇంకో పావుగంట."

"ఏమీ అనకపోవడం ఏంటే? అంత దూరం పోయింది. ఏదో ఒకటి అంటుంది కదా."

"అనలేదక్కా."

"నువ్వు చూశావా?"

సినిమా చూస్తూ నేను చీకట్లోనే రాసుకుంటాను. పుస్తకం వైపు చూడకుండా రాసుకోవడం నా గొప్ప అనుకుంటాను. కోపం వస్తే మాత్రం తల దించి, పెన్ను గట్టిగా నొక్కి రాస్తాను. సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూశాను. కప్ప మాట కింద నా రాత పేజీ సగం దాకా ఉంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలు. తర్వాత ఉన్నది నత్త తిరుగు ప్రయాణం. మధ్యలో ఏముందో లేదు.

అక్క నా మొహం చూసి విషయం పసిగట్టింది. "బాగానే ఉంది మన వంశం. నేను చూడకుండా కథ చెప్పాను. నువ్వు చూడకుండా మార్కులేశావు," అంది. "రేపు మధ్యాహ్నం ఆటకి టిక్కెట్లు తియ్యి. రెండు."

*

గురువారం మధ్యాహ్నం హాల్లో పాతికమంది కూడా లేరు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్ళెం పట్టుకున్నట్టు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పుస్తకం తియ్యలేదు.

నత్త పలక దాటడానికి నిజంగానే పావుగంట పట్టింది. ఈసారి ఆవలించలేదు. అక్క మాత్రం ఊరుకోలేదు. నత్తకి తపాలా వాళ్ళ కోటు వేశారు, దాని భుజం కుట్టు తప్పని గొణిగింది. మా ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. "నత్తకి భుజాలుండవుగా, మరి కోటెలా కుట్టారు అంటున్నాను," అని ఆయనకే సంజాయిషీ ఇచ్చింది. పాటలు వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. అవి బాగాలేవు.

చివరికి కప్ప గుమ్మం వచ్చింది. అక్క సంచి పట్టుకున్న తీరు మారింది.

"పిచ్చిదానా, వస్తానంటే వస్తానని కాదు. వెళ్తున్నానని."

నత్త వెంటనే ఏమీ అనలేదు. దానికి అన్నీ ఆలస్యమే కదా. కొమ్ములు రెండూ లోపలికి ముడుచుకున్నాయి. చాలాసేపు అలాగే ఉంది. అంతసేపు పడుతుందని తెలియకనే నేను కిందటిసారి తల దించేసి ఉంటాను. తర్వాత కొమ్ములు మెల్లిగా బయటికొచ్చాయి.

"తెలుసు," అంది నత్త. "అందుకే నేనొచ్చాను."

అంతే. కప్ప పక్కకి జరిగి నీడలో దానికి చోటిచ్చింది. కీచు ఎక్కడుందో, ఉందో లేదో సినిమా చెప్పలేదు. ఆ రాత్రి అక్కడ ఉండి, పొద్దున నత్త వెనక్కి బయల్దేరింది.

దీపాలు వెలిగాయి. అక్క లేవలేదు. అటూ ఇటూ చూడకుండా తెర వైపే చూస్తోంది. పేర్లు కూడా అయిపోయి తెర తెల్లగా అయింది. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకొచ్చి, "కాళ్ళు కాస్త ఎత్తండమ్మా," అంది. ఇద్దరం చిన్నపిల్లల్లా కాళ్ళు ఎత్తి కూర్చున్నాం.

బయట టిక్కెట్ల గది పక్కన సిమెంటు బెంచీ ఉంది. అక్కడ కూర్చుని పుస్తకం తీశాను. సోమవారం నుంచీ రాని మాటలు వచ్చాయి. రాసి అక్కకి చదివి వినిపించాను.

"కిందటి వారం 'వంతెనకి అవతల' సినిమాకి ఇరవై రెండు మార్కులు వేశాను. సీరియల్లో కీచు తిరిగి వచ్చిందని రాశాను. అది తప్పు. చివరి మూడు భాగాలు నేను చూడలేదు, చూశాననుకున్నాను. అవి మా అక్క కల్పించి చెప్పినవి. కీచు రాలేదు. రానిదాన్ని రాలేదని చెప్పడం ఈ సినిమా తప్పు కాదు. అసలైన మాట పలికిన చోట నేను తల దించుకుని ఉన్నాను. మళ్ళీ చూశాను. అరవై ఎనిమిది."

"కల్పించి తీసెయ్," అంది అక్క. "చెప్పినవి అంటే చాలు. నేనేమైనా రచయిత్రినా?"

కొట్టేశాను.

"మిగతా ముప్పై రెండూ ఎందుకు కోశావు?"

"పాటలు."

"అది న్యాయమే." రోడ్డు మీద పిల్లలు బడి నుంచి వస్తున్నారు. "చింతిస్తున్నాం అని పెట్టవా చివర?"

"పెట్టను."

అక్క తల ఊపింది. సంచి తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచి కళ్ళజోడు తీసి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

"నాన్న పోయినప్పుడు అత్తయ్య నాకో అడ్రసు ఇచ్చింది," అంది. "పదకొండేళ్ళయింది. గుండీల డబ్బాలో ఉంది."

అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. ఆవిడా పోయి చాలా కాలమైంది. నాకు మొదట ఏ అడ్రసో కూడా అర్థం కాలేదు. అర్థమయ్యాక పెన్ను మూత పెట్టాను.

"బతికుందా?" అన్నాను.

"తెలీదు. అప్పటికి ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఏమైంది, ఏమైంది అంటావు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు." మొదటిసారి నా వైపు తిరిగింది. "ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. అమ్మా అని రాసి, కింద ఏం రాయాలో తెలిసేది కాదు. ఆవిడే వస్తుందిలే, అనేదే ఉండిపోయింది లోపల. ఇంత వయసొచ్చాక కూడా."

నాకు అడగాలని చాలా ఉన్నాయి. ఎంత దూరం, ఏ వీధి, తలుపు తీస్తే ఎవరు తీస్తారు, మనల్ని చూస్తే గుర్తుపడుతుందా. గుర్తుపట్టి తలుపు వేసేస్తే? అమ్మకి ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు ఉంటాయి, లేదా లేవు. ఇవన్నీ అక్కని అడిగి లాభం లేదు. అక్క చూడలేదు.

"చాలా దూరమా?" అని మాత్రం అడిగాను.

"రైల్లో నాలుగు గంటలు. అంతే." అక్క లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "నీ కాగితం రేపు ఎన్నింటికి ఇవ్వాలన్నావ్?"

"పన్నెండింటికి."

"అయితే పన్నెండు దాటాకే వెళ్దాం," అంది అక్క. "రేపు షాపు తియ్యను."